ఊపిరాడని బండి

కోడుమూరు దాటి కొంచెం దూరం వచ్చేసరికి బండి మళ్లీ ఆగిపోయింది.

ఈరక్క దిగలేదు. వెనక సీటు మీదే కూర్చుని ఒళ్లోని బిడ్డ ముఖం మీదికి వంగింది. రెండేళ్ల రంగన్నకు గొంతు వాచింది. ఊపిరి తీసినప్పుడల్లా లోపల గరగరమంటోంది. పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నాయి. వెంటనే కర్నూలు పెద్దాసుపత్రికి చేర్చకపోతే దక్కడని పొద్దున్నే ఊళ్లో కాంపౌండరు చేతులెత్తేశాడు. పండగ మరునాడు కావడంతో బస్సు రాలేదు. మిగిలింది ఈ పాత ఇటలీ మోటారు సైకిలొక్కటే. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు బెంగళూరులో వేలం వేస్తే ఆమె తమ్ముడు సుంకన్న పాడి తెచ్చుకున్నాడు.

"ఈసారి ఏమైందిరా?"

"అదే తెలుస్తా లేదక్కా."

సుంకన్న ప్లగ్గు విప్పి, పంచె అంచుతో తుడిచి, కిక్కు కొట్టి చూశాడు. నిప్పురవ్వ బాగానే పడుతోంది. కార్బురేటరు విప్పి ఊదాడు. అందులోనూ నలక లేదు. కాసేపు ఆగితే బండి లేస్తుంది, కొంత దూరం పోయి చస్తుంది. పొద్దుటినుంచీ ఇదే వరస.

గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన నిలబడి చూశాడు. "ఏమప్పా, దానికి గడ్డి యేసినావా ల్యాదా? నా పొట్టేలెక్కింటే ఈపాటికి కర్నూల్లో ఉందురు!"

ఈరక్క తలెత్తింది. బిడ్డ గొంతులో చప్పుడు ఆయనకూ వినిపించింది.

"అయ్యో తల్లీ! మా ఊర్లో ఎద్దులబండి ఉండాది. కట్టించుకొస్తానుండు."

"దాంట్లో పోతే పొద్దు మునుగుతాది పెద్దాయనా. వీడు అంతసేపు ఉండడు."

ఆ మాట తన నోటినుంచే రాగానే ఆమె బిడ్డను ఇంకా గట్టిగా అదుముకుంది.

సుంకన్న ఈసారి పెట్రోలు పైపు ఊడబీకాడు. నాలుగు చుక్కలు రాలి ఆగిపోయాయి. ట్యాంకులో ఎంతుందో చూద్దామని మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. ఆ వెంటనే పైపులోంచి పెట్రోలు ధారగా పడింది.

"దీనికి ఊపిరాడ్తా లేదక్కా!"

మూతను ఎండకు పట్టి చూశాడు. గాలి లోపలికి పోయి పెట్రోలు కిందికి దిగడానికి దాని మీద సన్నటి రంధ్రం ఉంటుంది. అందులో పసుపు ఎండి గట్టిపడిపోయింది.

నిన్న ఆయుధపూజకు బండికి పసుపు పూసింది ఈరక్కే. బిడ్డ జ్వరం తగ్గాలని మొక్కుకుంటూ, గడపకు పూసినట్టు మందంగా పూసింది.

ఆమె తాళికున్న పిన్నీసు లాగి రంధ్రంలో గుచ్చింది. మొన విరిగి లోపలే ఉండిపోయింది.

"నేనే సంపుకుంటాండా నా బిడ్డను," అంది.

"అట్లనొద్దక్కా. మూత లేకుండానే పోదాం."

ఈరక్క పండగ చీర కొంగును పంటితో పట్టి చించింది. "ఇది కట్టు. గుడ్డలోంచి గాలి పోతాది గదా?"

"పోతాది. గతుకుల్లో పెట్రోలు చిమ్మితే నామీద పడుతాది, పడనీ. గట్టిగా పట్టుకో."

ముసలాయన వెనకనుంచి తోశాడు. బండి లేచింది.

ఆ తర్వాత బండి ఆగలేదు. ఈరక్కకు మాత్రం ఇంజను మోతలో బిడ్డ గొంతు వినిపించడం మానేసింది. చెంపను వాడి ముక్కు దగ్గర పెట్టింది. ఎదురుగాలిలో ఏది వాడి ఊపిరో తెలియలేదు. ఒక్కసారి ఆపమనాలనిపించింది. ఆపితే మళ్లీ లేవదేమోనని పళ్లు బిగబట్టింది.

ఆసుపత్రి మెట్ల దగ్గర నర్సు పరుగెత్తుకొచ్చి బిడ్డ ఛాతీ మీద చెవి పెట్టింది.

"ఉన్నాడమ్మా, ఇంకా ఉన్నాడు. ఇయ్యి తొందరగా!"

ఈరక్క ఇవ్వలేకపోయింది. చేతులు కొయ్యబారిపోయాయి. నర్సు ఒక్కొక్క వేలూ విడదీసి, బిడ్డను తీసుకుని లోపలికి పరుగెత్తింది.