ఆరో చరణం

కార్టర్ దొర బెత్తం లియోనీ మడమ మీద ఛెళ్ళున పడింది.

"పాట ఆపవే ముసలిదానా!"

కరీబియన్ దీవి గ్రెనడాలో కోకో గింజకు మెరుపు కాళ్ళతోనే వస్తుంది. చక్రాల బల్లల మీద ఎండబెట్టిన గింజలపై నీళ్ళు చిలకరించి, పాతికమంది ఆడవాళ్ళు భుజం భుజం పట్టుకుని పాడుతూ తొక్కుతారు. పాట కట్టింది లియోనీ. మొదటి చరణం దోనెల్లో వచ్చి ఈ దీవిలో పొయ్యి వెలిగించినవాళ్ళది. రెండోది ఫ్రెంచివాళ్ళకు లొంగక కొండ మీంచి సముద్రంలోకి దూకినవాళ్ళది. మూడోది సంకెళ్ళతో ఓడ దిగిన తన ముత్తవ్వలది. నాలుగోది ఇంగ్లీషువాడు జెండా పాతడం. ఐదోది, బానిసత్వం పోయినా నేల దొర దగ్గరే ఉండిపోవడం. అదిగో, అక్కడే కొత్త మేనేజరు కార్టర్‌కు ఒళ్ళు మండింది.

"ఈ పాట మళ్ళీ వినబడితే గుడిసె ఖాళీ చేయిస్తా. నేల ఎస్టేటుది!"

లియోనీ తన గుడిసె వైపు తిరిగి చూసింది. ఆ గుడిసె పక్క సీమపనస చెట్టు కిందే తన బొడ్డుతాడు పాతారు. తన బిడ్డలవీ అక్కడే ఉన్నాయి.

పాట లేకుండా తొక్కారు. కాలూ కాలూ కలవలేదు. గింజలు మెరవకపోగా నలిగిపోయాయి. కార్టర్ గుప్పెడు తీసి చూసుకుని మొహం మాడ్చుకున్నాడు.

"కావాలని చేస్తున్నారా?"

"కాళ్ళకీ చెవులుంటాయి దొరా," అంది నోటి దురుసు ఫిలీస్. అందరూ కిసుక్కుమన్నారు.

"అయితే చర్చి పాట పాడి చావండి!"

మధ్యాహ్నం తిండి దగ్గర గొడవైంది.

"చర్చి పాటే పాడేద్దాం పెద్దమ్మా, నీ గుడిసైనా దక్కుతుంది," అంది పక్కన తొక్కే అగాథ.

"ఆహా! రేపు నోరు కుట్టుకోమంటాడు, సూది నువ్విస్తావా?" అంది ఫిలీస్.

లియోనీకి భయమేసింది. చాలా భయమేసింది. "గుడిసె పోతే నా ఒక్కదానిదే పోతుందే. పాట పోతే మనమెవరమో పిల్లలకి ఎవడు చెప్తాడు? కార్టరా?"

మబ్బు పట్టింది. లియోనీ గింజల మీదికెక్కి మొదటి చరణం ఎత్తుకుంది. పాతిక గొంతులు కలిశాయి, ఒక్క కాలూ కదల్లేదు.

"వాన! బల్లలు కప్పు కిందికి తొయ్యండి!" కార్టర్ గొంతు చించుకున్నాడు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఐదు చరణాలూ అయ్యేసరికి ఆ ఏటి కోకో అంతా కార్టర్ కళ్ళ ముందే వానకు తడిసి పాడైపోయింది.

పోలీసులు లియోనీని లారీలోకి ఈడ్చారు.

"పెద్దమ్మా, తర్వాతేం పాడాలి? ఐదే కట్టావుగా!" ఫిలీస్ వెంట పరుగెత్తింది.

"ఆరోది నేను కట్టేది కాదే పిచ్చిదానా! ముందు మీరు చెయ్యాలి, ఆ తర్వాత పాడాలి!"

మర్నాడు పక్క ఎస్టేట్లలోనూ కాళ్ళు ఆగాయి. ఆ పందొమ్మిది వందల యాభై ఒకటిలో ఆగిన కాళ్ళు ఊరేగింపుల్లో నడిచాయి, జైళ్ళకు నడిచాయి. ఇంగ్లీషువాడి జెండా దిగడానికి ఇంకా ఇరవై మూడేళ్ళు పట్టింది. అప్పటికి లియోనీ లేదు. ఆమె గుడిసె కూల్చిన చోట సీమపనస చెట్టు మాత్రం ఉంది, ఎస్టేటు గేటు లోపల.

స్వతంత్రం వచ్చిన పొద్దున కూడా ఆ గేటుకు తాళం వేసే ఉంది. జుట్టు నెరిసిన ఫిలీస్ గేటు ముందు చెప్పులు విడిచింది. వెనక ఊరంతా భుజం భుజం పట్టుకుంది. ఆగి, నడిచిన ఆ కాళ్ళ మీద కట్టుకున్న ఆరో చరణం ఆమె ఎత్తుకుంది, అందరూ కలిసి గేటు తోశారు.