రోటి కూలి

ఆ పొద్దు మబ్బులు పెనుకొండ కొండదాకా వచ్చి, ఒక్క చినుకు రాల్చకుండా తూర్పుకు జారుకున్నాయి. సోమందేపల్లె రోడ్డుమీది హోటలు వెనక రుబ్బురోలు ముందు కూర్చున్న నల్లమ్మ వాటిని చూసింది. పొత్రం తిప్పడం ఆపి, లోపలికి వినిపించేటట్టు అడిగేసింది.

"గంగాధరన్నా, దినానికి పన్నెండణాలు చాలదు. జొన్నలు పిరమైపోయినాయి. రూపాయి చెయ్యి."

గంగాధరప్ప గల్లాపెట్టె దగ్గర నుంచి లేవలేదు. "కూలి పెంచితే దోశ రేటు పెంచల్ల. రెండణాల దోశ మూడణాలు చేస్తే తినేదెవరు, మీ నాయనా? బస్సు పోయి ఎదురు హోటలు ముందర నిలబడతాది. అప్పుడు నీకు ఆ పన్నెండణాలు గూడా ఉండవు."

"బలే చెప్తివిలే అన్నా. నీ దోశ రేటంతా నా రెక్కలమీదనే నిలబడుండాదా?"

నల్లమ్మ చేతులు కడుక్కుని, పొయ్యి దగ్గరున్న అతని భార్య అంజనమ్మ వైపు ఒకసారి చూసింది. అంజనమ్మ పొయ్యి ఊదుతున్నట్టు తల దించుకుంది. నల్లమ్మ వెళ్ళిపోయింది.

"ఇంగొకతిని పిలిపిస్తావా?" అని అడిగింది అంజనమ్మ.

"ఎందుకు? నువ్వుండావు గదా."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. నీళ్ళు మోసే మనిషి మానుకున్నప్పుడూ అదే, తిన్న తట్టలు కడిగే ముసలామె పోయినప్పుడూ అదే. బతికున్నన్నాళ్ళూ అత్త కూడా, ఇంట్లో ఆడది ఉండగా కూలోళ్ళు ఎందుకని అనేది. ఒక్కొక్కరు మానుకున్నప్పుడల్లా వాళ్ళ పని వచ్చి ఈమె మీద పడింది, కూలి మాత్రం గల్లాపెట్టెలోనే ఉండిపోయింది. దోశ రెండణాలే అని ఆయన రోడ్డుమీద పోయేవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. అంత చవగ్గా ఎట్లా ఇస్తావప్పా అని అడిగితే, నవ్వి ఊరుకుంటాడు. రుబ్బీ రుబ్బీ వాచిన మణికట్టుకు పాతగుడ్డ చుట్టుకుంటూ అంజనమ్మ అనుకుంది, ఎట్లా ఇస్తాడో నేను చెప్పగలను, అడిగేవాళ్ళే లేరు. బస్సు ఇక్కడ ఆపినందుకు డ్రైవరు, కండక్టరు ఊరికే తిని, చెయ్యి కడుక్కుని పోతారు. డ్రైవరు తినే రెండు దోశలే నల్లమ్మ అడిగిన నాలుగణాలు. వాళ్ళు ఊరికే తింటే రేటు పెంచాల్సిన పని పడలేదు. ఈమె ఊరికే చేస్తే అసలు కూలి మాటే రాదు.

అట్లా వారం రుబ్బింది. ఆ తర్వాతి పొద్దున బియ్యం, ఉద్దిపప్పు నీళ్ళలో నానుతుండగానే వదిలేసి, హోటలు ముందుకొచ్చి, తిండికి వచ్చేవాళ్ళు కూర్చునే బల్లమీద కూర్చుంది. పెళ్ళయి వచ్చాక ఆ బల్లను తుడవడమే గాని దానిమీద కూర్చోవడం ఎరగదు.

బస్సు వచ్చి నిలిచింది.

"ఏమే, పిండేదీ?" అన్నాడు గంగాధరప్ప.

"రుబ్బలేదు."

"ఒళ్ళు బాగలేదా?"

"బాగనే ఉండాది. నా కూలి ఎంతో చెప్పు. దాన్ని కలిపి దోశ రేటు చెప్పు. అప్పుడు చూస్తాము, నల్లమ్మ అడిగింది ఎక్కువో, తక్కువో."

డ్రైవరు పకపకా నవ్వి, "ఏమప్పా గంగాధరా, నీ ఇంట్లోనే స్ట్రైకు లేసిందే!" అని, కండక్టరును పిలుచుకుని ఎదురు హోటలుకు నడిచాడు. దిగినవాళ్ళంతా వాళ్ళ వెనకాలే పోయారు.

పొద్దెక్కేదాకా గంగాధరప్ప రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని ఎటో పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనక నల్లమ్మ ఉంది.

"రూపాయిస్తానన్నాను." అతను భార్య మొహం చూడలేదు.

"దోశ రేటు?"

"అట్లే ఉండనీ, రెండణాలే."

"నా కూలి?"

అతను తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

అంజనమ్మ లోపలికి పోయి సంగటి కుండ, నంజుకోను ఊరిమిండి పచ్చడి తెచ్చి బల్లమీద పెట్టింది. ఎప్పుడూ వెనక గడప దగ్గర తినే నల్లమ్మను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. గంగాధరప్ప ఎదురుగా కూర్చున్నాడు. ముగ్గురూ సంగటి ముద్దలు తుంచుకుని తింటున్నారు. మధ్యలో అతను నీళ్ళ కోసం అలవాటుగా ఖాళీ చెంబు ముందుకు జరిపాడు. అంజనమ్మ ఆ చెంబు చూసింది. లేవలేదు. కాసేపటికి అతనే లేచి, నీళ్ళు ముంచుకొచ్చి బల్ల నడుమ పెట్టాడు.