పంచిపెట్టిన సీడీలు

రాజలింగు పేరు వింటేనే నాకు ఒళ్లు మంట. కామారెడ్డిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి, లైనక్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ సీడీలు అమ్ముతూ, కవరు మీద 'కాపీ చేస్తే నేరం' అని అచ్చేయించిన ఘనుడు. ఆ సీడీ ఆయనకు మొదట ఇచ్చింది మా ఆయన వహీదే.

వహీద్‌కు ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట పెండ్లి పత్రికలు కొట్టే డీటీపీ షాపు ఉండేది. ఉన్నది ఒక్కటే కంప్యూటర్, మా పొయ్యి వెలిగేది దాని మీదే. మా మరిది దుబాయి నుంచి తెచ్చిన సీడీ రైటర్ దానికి తగిలించి, అడిగిన పిల్లలందరికీ లైనక్స్ ఊరికే కాపీ చేసి ఇచ్చేవాడు. ఖాళీ సీడీ వాళ్లే తెచ్చుకునేవాళ్లు. దాంతో రాజలింగు బేరం పడిపోయింది. తొంభై తొమ్మిది ఎండాకాలంలో, పెండ్లిళ్లు ముమ్మరంగా ఉన్నప్పుడు, మావి దొంగ కాపీలని ఫిర్యాదు చేసి ఎస్ఐని వెంటబెట్టుకొచ్చాడు.

వహీద్ బెదరలేదు. సీడీలోనే ఉన్న లైసెన్సు తెరిచి చూపించాడు. ఎస్ఐ ఓపికగా చదివి, దీన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చని, పంచవచ్చని, అమ్ముకోవచ్చని కూడా ఉందని, ఇంకొకరిని ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదని రాజలింగుకు చెప్పాడు. నా ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో ఊరుకుంటే మా ఆయన ఎందుకవుతాడు? కావాలంటే కంప్యూటరంతా వెతుక్కోమన్నాడు.

రాజలింగు నవ్వాడు. "గా పెండ్లి పత్రికలు కొట్టే తెలుగు సాఫ్ట్‌వేర్ యాడిదో అడుగుండ్రి సార్."

వహీద్ ముఖం పాలిపోయింది. అది కంపెనీ దగ్గర కొనుక్కోవాల్సింది. మా దిక్కు ఏ షాపులోనూ కొన్నది లేదు, అన్నీ ఒకరి దగ్గర ఒకరు ఎక్కించుకున్నవే.

"గది మాకిచ్చింది గీయనే సార్," అన్నాను రాజలింగును చూపిస్తూ.

రుజువేదని అడిగాడు రాజలింగు. అయితే దొంగ కాపీ అని ఒప్పుకున్నట్టేనా అని ఎస్ఐ నన్నడిగాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ సీడీలు మాకే వదిలేసి, కంప్యూటర్ ఎత్తుకుపోయి జీపులో పెట్టాడు. సగం కొట్టిన పత్రికలు అందులోనే పోయాయి.

రాజలింగు వెళ్తూ వెళ్తూ బల్ల మీది లైనక్స్ సీడీ ఒకటి తీసుకున్నాడు. "ఎవలైనా తీస్కోవచ్చు గదా, వహీద్ భాయ్?"

"తీస్కో," అన్నాడు మా మహానుభావుడు తల వంచుకుని. "నీకు గూడ హక్కున్నది."

వాళ్లు రాగానే అందరికీ తెప్పించిన చాయ్‌లో రాజలింగు ముట్టని గ్లాసు చల్లారిపోయి ఉంది. తీసుకెళ్లి ఆయన తెల్ల చొక్కా మీద పోశాను.