ఐలేశం నాలుక

పానగల్లో ఐలేశం "పులిసింది" అన్నాడంటే ఆ పూట ఆ కల్లు దుకాణం ఖాళీ. అంత పేరున్న నాలుక ఆయనది. గొర్రె వయసు ఒక ఏడాది తగ్గించి చెప్పమంటే కళ్ళార్పకుండా చెబుతాడు గానీ, కల్లు విషయంలో మాత్రం ఛస్తే అబద్ధమాడడు. ఆడితే నాలుకకు రుచి పోతుందని ఆయన భయం. రుచి పోయాక మనిషి బతికి ఏం లాభం, చెప్పండి!

అలాంటి మనిషి తన అరవై ఒకటో ఏట, మాఘమాసంలో, కల్లు మీద అబద్ధమాడాలని గట్టిగా నిర్ణయించుకుని బస్సెక్కాడు.

సంగతేమిటంటే, ఆయన చెల్లెలూ బావ గుర్వయ్యా ఏటా కోతలయ్యాక గొర్రెల మందను తోలుకుని అమ్రాబాద్ అడవి వైపు మేతకు పోతారు. ఈసారి వాళ్ళ కూతురు రామమ్మ కూడా వెంట పోయింది. అక్కడ పర్వతాలు అనే గొల్లాయన కొడుకు యాదగిరి ఆ పిల్లకు నచ్చాడు. ఆ పిల్ల వాడికీ నచ్చింది. రెండు వైపులా అందరికీ ఇష్టమే. ఇక మేనమామ మాట ఒక్కటే మిగిలింది. వాళ్ళ ఇళ్ళల్లో రివాజు ఒకటుంది. పిల్లవాడి తండ్రి మోదుగాకు దొప్పలో పోసిన కల్లు మేనమామ పూర్తిగా తాగితే పిల్లనిచ్చినట్టు. బాగాలేదని నేల మీద పారబోస్తే సంబంధం లేనట్టు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు.

ఐలేశం పారబోయడానికే పోతున్నాడు. రామమ్మ తల్లిపాలు మానిన నాటి నుంచి ఆయన ఇంట్లోనే పెరిగింది. ఆయనకూ భార్య సావిత్రమ్మకూ పిల్లలు లేరు. దగ్గరి ఊళ్ళో ఇస్తే పొద్దున పోయి చూసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. పులులు తిరిగే ఆ అడవిలో ఇస్తే ఇంకేమన్నా ఉందా? ఆ పిల్ల లేని ఇల్లు ఆయన తలుచుకోలేడు.

"పులిసింది అంట. పారబోస్త. పిల్లను తోలుకొస్త. గంతే!" అన్నాడు బయల్దేరేటప్పుడు.

"నిజంగనే మంచిగుంటేనో?" అంది సావిత్రమ్మ.

"గా రాళ్ళల్ల మంచి కల్లా? నీకేమన్న పిస లేసిందా?"

రెండు బస్సులు మారి దిగేసరికి గుర్వయ్య ఎదురొచ్చాడు. దారి పొడుగునా బండల సందుల్లో బక్కచిక్కిన ఈతచెట్లు. వాటిని చూసి ఐలేశానికి ప్రాణం లేచివచ్చింది.

"ఏంది బావా, గివి చెట్లా? గొర్రెలను ఇడిచేస్తే గీటిని గూడ మేస్తయ్!"

"రేపు తాగినంక చెప్పు బావా," అన్నాడు గుర్వయ్య. ఆయన మాటకారి కాదు.

మర్నాడు పొద్దున్నే పర్వతాలు తన వాకిట్లో గొంగళ్ళు పరిచాడు. మనిషి మంచివాడే, మర్యాద తెలిసినవాడే. అదే ఐలేశానికి మరీ చిరాకు తెప్పించింది. కాటమయ్య అనే గీతగాడు అప్పుడే చెట్టు దింపిన కుండ మోసుకొచ్చాడు. పానగల్ ఐలేశం తన కల్లు తాగుతున్నాడని తెలిసి పాపం కుండ మూతి మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. తల్లి వెనకాల రామమ్మ నిలబడి ఉంది. ఐలేశం అటు చూడలేదు. చూస్తే తన పని చెడుతుంది.

పర్వతాలు దొప్ప నిండా పోశాడు.

ఐలేశం ముందు వాసన చూశాడు. నిన్నటి కల్లు కలిపిన వాసన లేదు. సరేలే, చాలామంది కలపరు. ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. ముందు తీపి తగిలింది. ఆ వెనకాల సన్నని పులుపు, చివర్న ఏదో అడవిపూల వాసన. పొద్దుటి చలి ఇంకా ఆ కల్లులోనే ఉంది. హాలియా దాకా తిరిగి తాగినవాడు, ఇలాంటిది ఎన్నడూ ఎరగడు. మింగబుద్ధి కాలేదు, ఉమ్మబుద్ధి కాలేదు. బుగ్గలు ఉబ్బించుకుని అలాగే కూర్చున్నాడు.

"ఎట్లున్నదన్నా?" అన్నాడు పర్వతాలు.

ఐలేశం చెయ్యెత్తి ఆగమన్నాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"బావా, మింగుతవా, ఊంచుతవా? ఏదో ఒకటి చెయ్," అన్నాడు గుర్వయ్య.

మింగాడు. 'పులిసింది' అనడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒక్క తప్పు, ఒకే ఒక్క తప్పు దొరికితే చాలు, అబద్ధం లేకుండానే పారబోయొచ్చు. ఇంకో గుక్క తాగి వెతికాడు. కుండ సరిగ్గా కడగలేదేమో? కడిగారు. చెట్టు ముసలిదేమో? కాదు. ఇంకో గుక్క. పట్టుదలగా, మొండిగా, కళ్ళు మూసుకుని మరీ వెతికాడు. కళ్ళు తెరిచేసరికి దొప్పలో చుక్క లేదు.

"తాగిండు!" అని కేకేశాడు కాటమయ్య. పర్వతాలు వచ్చి అమాంతం కౌగిలించుకున్నాడు. యాదగిరి డప్పుల వాళ్ళను పిలవడానికి పరుగు తీశాడు. ఖాళీ దొప్ప పట్టుకుని ఐలేశం వెర్రిమొహం వేసుకుని కూర్చున్నాడు.

"మంచిగున్నది," అన్నాడు చివరికి. అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఏ చెట్టుదిర కాటమయ్యా గిది?"

"గుట్ట పక్కపొంటి ఉన్నదే పటేలా. నేను గాదు, మీ పిల్లనే ఏరింది. పది దినాల సంది పొద్దుగాల్నే వచ్చి, ఒక్కో చెట్టు కింద నిలబడి రుచి చూసిపోయింది."

ఐలేశం అప్పుడు తల తిప్పి రామమ్మ వైపు చూశాడు. చిన్నప్పుడు తన ఒళ్ళో కూర్చుని, తన దొప్పలోంచే గుక్క తాగి, మూతి తుడుచుకుని "మామా, గిది నిన్నటిది" అని చెప్పిన పిల్ల. దగ్గరికొచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన మోకాలి మీద చెయ్యేసింది.

"నేను పారబోయనీకె వచ్చిన్నని నీకెట్ల తెలిసె బిడ్డా?"

"నాకు తెల్వదా మామా నీ సంగతి? పద్నాలుగు చెట్లు తిరిగిన. నువ్వు పులిసిందని అనలేనిది గిదొక్కటే దొరికింది."