హంస బొమ్మ చెరిపిన క్యారేజీ

నేను ఒక స్టీలు క్యారేజీని. మూడు గిన్నెలు, ఒక మూత, పక్కన రెండు కడ్డీలు, పైన పట్టుకోవడానికి పిడి. ఇంతే నా ఒళ్లు. నా మూత మీద ఒకప్పుడు హంస బొమ్మ, దాని కింద 'హంసరేఖ' అని పేరు ఉండేవి. ఆ పేరు నాది కాదు. ఆ సంగతి నాకు చాలాకాలం తెలియదు.

నన్ను ఊరి చివర రేకుల షెడ్డులో చేశారు. రేకు మంచిదే. గిన్నెలు లాగినవాడు, అంచులు మడిచినవాడు, పాలిషు పట్టినవాడు, అందరూ పనిమంతులే. అంత పని వచ్చినవాళ్లు తమ పేరే గుద్దుకోవచ్చు. గుద్దుకోలేదు. షెడ్డు యజమాని బజారులో అసలు హంసరేఖ క్యారేజీ ఒకటి కొనుక్కొచ్చి, విప్పి, దాని మీద ఎక్కడ ఏది ఉంటే అది అచ్చు తీయించాడు. అదే నా మీదా దింపారు. ఏ గుర్తు ఎందుకుందని ఎవరూ అడగలేదు. కొనేవాళ్లూ అంతే. గిన్నె చూడరు, హంసను చూస్తారు. వేలితో ఒకసారి తడిమి, సరే కట్టమంటారు.

నన్ను ఎవరూ కట్టమనకముందే హంసరేఖ కంపెనీవాళ్లు పోలీసులను వెంటబెట్టుకుని మమ్మల్ని అమ్మకానికి పెట్టిన కొట్టు మీదికి వచ్చారు. మమ్మల్ని గోతాల్లో కుక్కి స్టేషనుకు చేర్చారు.

అక్కడ మాకు కాపలా ఏడుకొండలు అనే కానిస్టేబులు. ఇంటి నుంచి అన్నం ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చుకునేవాడు. దాని మూత సరిగా పట్టదు. పులుసు కారి చొక్కా పాడయ్యేది.

"ఏందయ్యా ఏడుకొండలూ, ఎదురుగుండా ఇన్ని గిన్నెలుంటే ఈ కారే డబ్బా ఏంది? ఒకటి పట్టుకుపో, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు స్టేషను రైటరు నవ్వుతూ.

"పట్టుకుపొమ్మనేది నువ్వే, రేపు నా మీద రాసేది నువ్వే! అయి కోర్టుయి. చొక్కా నాది, ఉతుక్కుంటా," అన్నాడు ఏడుకొండలు. దొంగ సరుకుకు కూడా మర్యాద ఇచ్చిన మనిషిని అక్కడే చూశాను.

ఎండలు పోయి వానలు వచ్చాయి. షెడ్డు యజమాని తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. ఇక మమ్మల్ని ఏం చేయాలన్న మాట కోర్టులో వచ్చింది. నమూనాగా బల్ల మీద పెట్టింది నన్నే. కాబట్టి అంతా విన్నాను.

"దొంగ సరుకు. రోడ్డు రోలరు కింద వేసి తొక్కించాలి," అన్నారు కంపెనీ లాయరు. ఆయన పక్కన పరమేశం గారు నిలబడ్డారు. సరుకు అసలుదో కాదో తేల్చి చెప్పడం కంపెనీలో ఆయన ఉద్యోగం.

అప్పుడు సువార్తమ్మ లేచింది. పెద్దాసుపత్రి గేటు దగ్గర, రోగులకు తోడుగా వచ్చినవాళ్లకు రోజూ వండి పెట్టే మనిషి ఆమె. మమ్మల్ని తనకు ఇప్పించమని అర్జీ పెట్టుకుని వచ్చింది.

"అయ్యా, మేము పప్పుచారు ప్లాస్టిక్ కవర్లలో పోసిస్తన్నాం. మొన్న ఒక పెద్దాయన మెట్లెక్కతంటే కవరు పగిలి కాళ్లు బొబ్బలెక్కినయ్యి. పెళ్లానికి అన్నం తీసుకుపోయినోడు, తనే మంచమెక్కాడు. ఈ గిన్నెల్ని తొక్కిస్తే ఎవరి కడుపు నిండుద్దయ్యా?"

పరమేశం గారు నన్ను పిడి పట్టి ఎత్తి చూపించారు. "రేపు దీని పిడి ఊడి ఎవరి మీదన్నా పడితే, హంసరేఖ సరుకు ఇంతేనంటారు. మా పెద్ద ఓనరు గిన్నె గిన్నె చేత్తో తట్టి చూసి తెచ్చుకున్న పేరండీ అది. ఆ పేరుతో మాత్రం బయటికి పోనివ్వం."

ఆయన మాటా న్యాయమే. నాకు మొదటిసారి సిగ్గేసింది.

జడ్జి గారు ఇద్దరి మాటా విన్నారు. స్టీలు అన్నానికి పనికొస్తుందని పరీక్షలో తేలాలి, కంపెనీ గుర్తు ఒక్కటి కూడా కనబడకూడదు, అప్పుడైతే సువార్తమ్మకు ఇవ్వచ్చన్నారు. గుర్తు ఎక్కడ మిగిలినా మొత్తం సరుకు రోలరు కిందికే. వచ్చే వాయిదాకు తెచ్చి చూపించమన్నారు.

పరీక్షలో స్టీలు నెగ్గింది. కష్టమల్లా హంసతోనే వచ్చింది. ఆకురాయి పట్టి ఒక మూతను అరగదీస్తే హంసతోపాటు మూత కూడా పోయి బెజ్జం పడింది. సువార్తమ్మ ఆ బెజ్జంలో వేలు పెట్టి చూసింది. ఆ మూత పక్కన పెట్టి, స్టీలు కొట్ల బజారులో గిన్నెల మీద పేర్లు చెక్కే కరీముల్లా దగ్గరికి వెళ్లింది. మన జనం మంచినీళ్ల గ్లాసు కొన్నా పేరు చెక్కించందే ఇంటికి తీసుకుపోరు. అన్ని పేర్లు వేసిన ఆ మనిషిని పేరు తియ్యమని అడిగింది ఈమే మొదట.

"తియ్యటం నా వల్ల కాదక్కా. దాని మీద ఇంకోటేదన్నా ఎక్కిస్తా," అన్నాడు కరీముల్లా.

స్టేషను వరండాలో కూర్చుని మొదలుపెట్టాడు. చెక్కే మిషను పట్టాడంటే ఇక తల ఎత్తేవాడు కాదు. హంస మెడ కొమ్మయింది. రెక్కలు ఆకులయ్యాయి. పేరు మీద ఒత్తుగా చుక్కలు పడ్డాయి. ఏడుకొండలు టీ తెప్పించి పక్కన పెడితే అది చల్లారిపోయేది. నా ఒంటి మీద అంతకుముందు చాలా చేతులు పడ్డాయి గానీ, అంత నెమ్మదైన చెయ్యి పడలేదు.

వాయిదాకు ముందురోజు పరమేశం గారు చూడటానికి వచ్చారు. ఒక్కొక్క మూతా వెలుగుకు పట్టి, వంచి, గోటితో గీకి చూశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. "బాగుంది," అన్నారు. సువార్తమ్మ దణ్ణం పెట్టింది. ఆయన గుమ్మం దాకా పోయి ఆగారు. వెనక్కి వచ్చి నన్ను తీసి, గిన్నెలు విడదీసి, అడుగు గిన్నెను బోర్లించారు. అంచు మడత దగ్గర వేలు పెట్టారు.

"ఇక్కడ చూడు."

కరీముల్లా కళ్లజోడు సర్దుకుని వంగాడు. బియ్యపుగింజంత హంస.

"అల్లా! ఇదెక్కడిది సార్?"

"మా సరుకు మేం గుర్తుపట్టడానికి వేసుకునేది. బయటివాళ్లకి తెలీదు. ఆ షెడ్డువాడు తెలియకుండానే ఇదీ దింపేశాడు. రేపు కోర్టులో మా లాయరు అడిగితే నేను చూపించాల్సిందే. అబద్ధం ఆడను."

"మరి ఇయ్యాలే ఎందుకు చూపిచ్చారు బాబు గారూ?" అంది సువార్తమ్మ.

"మా పేరు పోవాలన్నాను గానీ, మీ అన్నం పోవాలన్నానా అమ్మా? ఊఁ, కానివ్వండి. నేనూ కూర్చుంటా."

చొక్కా చేతులు మడిచి గోతాల ముందు గొంతుక్కూర్చున్నారు. అడుగు గిన్నెలు ఒక్కొక్కటే తిప్పి, చోటు చూపించి, కరీముల్లాకు అందిస్తూ పోయారు. ఏడుకొండలు గుడ్డతో తుడిచాడు. సువార్తమ్మ మళ్లీ జత చేసి పేర్చింది. పేరు కోసం అంత పోట్లాడిన మనిషి, దాని గుట్టు తనే విప్పి పెట్టాడు. ఎవరూ అడగలేదు. విప్పకపోయినా తప్పు పట్టేవాళ్లు లేరు.

మర్నాడు లాయరు గారు ఆ ప్రశ్నే వేశారు. "అడుగున చూశారా?" అని. పరమేశం గారు నన్ను బోర్లించి జడ్జి గారికి అందించారు. జడ్జి గారు వేలితో తడిమారు. అక్కడ చిన్న పువ్వు ఉంది.

"ఇచ్చేయండి," అన్నారు.

గోతాలు బండికెక్కిస్తుంటే కరీముల్లా అడిగాడు. "ఆసుపత్రి పేరన్నా వెయ్యనా అక్కా? పేరు లేకపోతే పోతయ్యి."

"పోతే అన్నంతోనే గదయ్యా పోయేది. పోనియ్," అంది సువార్తమ్మ.

కొన్ని పోయాయి కూడా. నేను ఉన్నాను. నిన్న ఒకామె నన్ను పై అంతస్తుకు మోసుకెళ్లింది. మంచం మీద ఉన్న ఆమె మొగుడు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరిదే ఈ క్యారేజీ?"

"ఏమో. తిని కడిగియ్యాలి. కింద ఇంకొకామె నిలబడుంది," అంది.

అతను గబగబా ముద్ద కలిపాడు.