చెయ్యెత్తితే ఆగాలి

“పరీక్ష నడిమిట్ల బండి ఆగిపోతే ఏం చేస్తవు బిడ్డా? ఆ డ్రైవింగ్ స్కూలోళ్ల కారన్న అడుగుదాం. అది కొత్తది. మనదాన్ని నమ్మి ఎట్ల పోతవు?”

పొద్దున్నే, ఇంకా మా గల్లీ కూడా దాటకముందే నేనన్న మాట ఇది. సంధ్య ముందు అద్దం తుడుస్తూ నా వైపు చూడకుండానే జవాబిచ్చింది.

“స్కూలోళ్ల కారు క్లచ్ నాకు అలవాటు లేదమ్మా. మనదైతే ఎక్కడ ఏ చప్పుడైతదో నాకెరుక. నువ్వు జర ఊకో.”

“చప్పుడైతదని నువ్వే అంటున్నవు గద.”

“బాపుకు వినపడదు, నీకు లేని చప్పుడు గూడ వినపడ్తది. మీ ఇద్దరి నడుమ నేను చస్తున్న” అని నవ్వింది. మా పాత ఆల్టోకు ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’ అక్షరం అతికించి ఉంది. మా ఆయన అంబదాస్ అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్నాడు.

మా ఆయన ఈ పరాయి భాష ఊళ్ళో లింబాయత్‌లో సాంచాల మీద ముప్పై ఏళ్ళు బట్ట నేశాడు. ఆ మరమగ్గాల చప్పుడుకు ఆయన చెవులు కొంచెం కొంచెంగా పోయాయి. ఇప్పుడు సలాబత్‌పురా మార్కెట్ నుంచి చీరలు కార్లో తెచ్చి, లేసు కుట్టే ఆడవాళ్ళ ఇళ్ళకు పంచి, కుట్టినవి తిరిగి చేరుస్తాడు. పోయిన నెల రింగు రోడ్డు మీద వెనక నుంచి లారీవాడు ఎంత హారన్ కొట్టినా వినపడక కారు పక్కకు తిప్పాడు. ఒకవైపు అద్దం ఎగిరిపోయింది. ఇంటికొచ్చి అది నాకు చూపించి, ఏదో పిల్లి గీరిందన్నట్టు నవ్వాడు. డాక్టరు బండి మానెయ్యమన్నాడు. మా ఆయన ఒక్కటే మాట చెప్పాడు. “సంధ్యకు లైసెన్సు రానీ. ఆ రోజే తాళం దాని చేతుల పెడ్త. అప్పటిదాకా నా తిండి నేను సంపాదించుకోవద్దా?”

సంధ్య డిగ్రీ అయిపోయింది. తండ్రి పని తాను చూసుకుంటానంది. కానీ అసలు లైసెన్సు రాకముందు ఊళ్ళో రోడ్డు ఎక్కనివ్వనని నేనే పట్టుబట్టాను. ఎవరికైనా తగిలితే, పోలీసులు పట్టుకుంటే, ఆడపిల్ల, ఏమవుతుంది? అందుకే ఆదివారాలు పాండేసరలో మిల్లుల వెనక, లారీలు తిరగని రోడ్డు మీద మాత్రమే నేర్చుకుంది.

నేర్పింది తండ్రే. ఆయన నోటితో నేర్పలేదు, చేతులతో నేర్పాడు. సాంచాల షెడ్డులో ఎంత అరిచినా ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడ అందరిదీ చేతుల మాటే. అరచెయ్యి కిందికి దించితే నెమ్మది. వేలు తిప్పితే తిప్పు. దారం తెగినప్పుడు చెయ్యి పైకెత్తుతారు. ఎవరు ఎత్తినా సరే, ఎందుకని అడగకుండా సాంచా ఆపాలి. మా ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ సంగతి ఎవరూ వేరుగా చెప్పక్కర్లేదు. ఆమె కంటి కొసతో బాపు చెయ్యి చూస్తూనే కారు నేర్చుకుంది.

ఆర్టీవో ఆఫీసులో పరీక్ష ట్రాక్ చుట్టూ ఇనుప కంచె. లోపల అంతా కెమెరాలు, కంప్యూటర్లు. పరీక్షకు వచ్చినవాళ్ళు తప్ప కార్లో ఎవరూ ఉండకూడదు. కాగితాలు చూశారు, బెల్టు చూశారు, మమ్మల్ని కంచె బయటికి పంపారు. నేను ఆ కంచెకే అతుక్కుపోయాను.

“ఊపిరి తీస్కోవే” అన్నాడు మా ఆయన. “పరీక్ష నీకు కాదు.”

ఎనిమిది అంకెలా ఉన్న దారిలో సంధ్య చక్కగా తిరిగింది. వెనక్కి తెచ్చి పార్కింగ్ గళ్ళలో పెట్టింది. ఇక ఎత్తు ఎక్కడం ఒక్కటే మిగిలింది. ఎత్తు మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ పైకి కదలాలి. ఆ ఎత్తు మేము నిలబడ్డ వైపే ఎక్కుతుంది. అద్దంలోంచి సంధ్య ముఖం కనపడుతూనే ఉంది. ఆపింది. ఇంజను గట్టిగా మూలిగింది. కారు వెనక్కి ఊగినట్టు నాకనిపించింది. జారుతుంది, వెనక కంచెకు తగులుతుంది, నా బిడ్డ తల పగులుతుంది. ఎప్పుడు ఎత్తానో తెలియదు, నా చెయ్యి అరచెయ్యి విప్పి తల పైకి లేచి ఉంది.

సంధ్య చూసింది. చూడగానే బ్రేకు తొక్కింది. ఇంజను ఆగిపోయింది. ఆ కంగారులో కాలు తీసేసరికి కారు గీత దాటి వెనక్కి జారింది. పక్కన ఎర్ర లైటు వెలిగింది.

“బెహన్‌జీ, ఫెయిల్. వారం తర్వాత మళ్ళీ రండి” అని లోపలి మనిషి హిందీలో చెప్పి తరువాతి కారును పిలిచాడు.

మా ఆయన నా వైపు తిరిగాడు. “చెయ్యెందుకు ఎత్తినవే?”

“జారుతుందనుకున్న.”

“జారలె. నువ్వు ఎత్తినంకనే జారింది.”

సంధ్య కారు దిగి, తాళం తండ్రి చేతిలో పెట్టి, వెనక సీట్లో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. మా ఆయనే తోలాడు.

“బిడ్డా, నన్ను తిట్టు. ఒక్క మాటన్న అను.”

కిటికీ వైపు తిరిగింది.

ఇంకో వారం ఈయన ఇట్లాగే పొద్దున్నే బయల్దేరతాడు. నేను ఫోన్ చేసినా ఆయనకు రింగు వినపడదు. ఎత్తకపోతే బతికున్నాడో లేడో నాకేం తెలుస్తుంది? ఇన్నాళ్ళూ ఎవరో వచ్చి చెడు కబురు చెప్తారని భయపడ్డాను. ఇప్పుడు ఆ కబురు నేనే పిలుచుకున్నట్టు అనిపించింది.

ఉధనా దగ్గర ఎర్ర లైటు పడి, మళ్ళీ పచ్చది కూడా వచ్చింది. ముందు ఓ పక్కగా ఆగిన బస్సు అడ్డం ఉండటంతో మా ఆయనకు లైటు కనపడలేదు. వెనకనుంచి హారన్ల మీద హారన్లు. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకొని హాయిగా కూర్చున్నాడు. ఒక బైకువాడు పక్కకు వచ్చి కారు పైకప్పు మీద చరిచి, “బహెరా హై క్యా?” అని అరిచాడు. చెవుడా నీకు అని. మా ఆయన ఆ అబ్బాయి ఏదో పలకరించాడనుకొని, నవ్వి తల ఊపాడు.

నేను వెనక నుంచి ఆయన భుజం నొక్కితే బండి కదిలించాడు.

సంధ్య అదంతా చూసింది. దాని కళ్ళు తండ్రి మెడ మీదే నిలిచిపోయాయి.

“ఊళ్ల తోలొద్దని నేనే అన్న” అన్నాను. “ఇప్పుడు నేనే చెప్తున్న. బాపును పక్కన కూసోబెట్టుకొని నువ్వు తోల్తవా?”

సంధ్య మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఫ్లైఓవర్ ఎక్కాం, దిగాం. బట్టల మిల్లుల పొగ వాసన వచ్చింది. ఒక ట్రక్కు మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను, అరిస్తే పిల్ల ఇంకా దూరం జరుగుతుందేమోనని. మా గల్లీ మలుపు కనపడుతుండగా, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే సంధ్య మాట్లాడింది.

“రేపటి సంది నేనే తోల్త. బాపు పక్కన కూసుంటడు. వచ్చే వారం పరీక్షకు మాత్రం నువ్వు ఇంట్లనే ఉండమ్మా.”