ఇంగువ డబ్బా

ఊర్మిళ గ్లాసులో నీళ్లు పోసి వంటగట్టు మీద పెట్టేసరికి వాకిట్లో చెప్పుల చప్పుడయింది. అంబదాస్ తలుపు తట్టడు. చెప్పులను గచ్చుకేసి ఒకటికి రెండుసార్లు రాస్తాడు. సూరత్ బమ్రోలిలో ఆ గల్లీ మొత్తానికి ఆ చప్పుడు అలవాటే. పండేసరలో మరమగ్గాలు నడిపే మనిషి, చనిపోయిన దోస్తు బిడ్డ ఇంట్లో షిఫ్టుకు పోయేముందు ఇన్ని నీళ్లు తాగిపోతాడు, అందులో అనుకోవడానికేముంది? గల్లీకి తెలిసింది అంతే. అంతకుమించి తెలియకూడదనే ఆ నీళ్లు.

అంబదాస్ పొడుగాటి మనిషి. మగ్గాల మధ్య వంగి నడిచీ నడిచీ భుజాలు ముందుకు వచ్చేశాయి. ఎంత స్నానం చేసినా కనుబొమల్లో పోగుల పీచు అంటుకునే ఉంటుంది. లోపలికి వచ్చి, గూట్లో ఉప్పు సీసా వెనుక చెయ్యి పెట్టి, పసుపుపచ్చ ప్లాస్టిక్ ఇంగువ డబ్బా తీశాడు. మూత తిప్పి, పైనున్న దూది తీసి, ఒక గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. గోలీలు గలగలమనకుండా ఆ దూది. ఇంగువ డబ్బా అతని తెలివే. ఎంత ఆకలైనవాడైనా ఇంగువ డబ్బా మూత తీసి చూడడని అతని లెక్క.

అతనికి హెచ్ఐవి ఉన్న సంగతి ఊర్మిళకు తెలిసి చాలా ఏళ్లయింది. ఆల్థాన్‌లో ఆమె పనిచేసే ధర్మాసుపత్రి పరీక్షల కేంద్రానికి అతను చీటీ పట్టుకుని వచ్చి, కంప్యూటర్ ముందు ఈమెను చూసి వెనక్కి తిరగబోయాడు. ఊర్మిళ కుర్చీలోంచి లేచి చీటీ తీసుకుని, ఏమీ అడగకుండా నంబరు వేసి ఇచ్చింది. మర్నాటి నుంచి అతనికి ఆమె ఇంట్లో దాహం మొదలైంది. అతనున్న గదిలో భార్య, కొడుకు, కోడలు, పెళ్లికాకముందు కూతురు సంతోషి కూడా. సూది దాచినా దొరికిపోయే ఇల్లు. నోట్లో నువ్వుగింజ నానని ఆ గల్లీలో ఊర్మిళ నోటినుంచి మాత్రం మాట బయటికి పొక్కదని అతని నమ్మకం. అది నిజమే. నోటితో ఆమె ఎన్నడూ తప్పు చేయలేదు.

"పిలగానికి ఈ ఐతారం పేరు పెడ్తరట, బిడ్డా," అన్నాడు. సంతోషికి కొడుకు పుట్టాడు. అత్తగారిల్లు సూరత్‌లోనే, ఉన్‌లో.

ఎత్తుకున్నావా అన్నట్టు ఊర్మిళ చేతులు చూపించింది. అతనికి చెవులు సరిగా వినపడవు. జన్మంతా మగ్గాల మోతలో బతికిన మనిషి.

అతను నవ్వాడు. "దూరంకెళ్ళి సూసిన."

ఎత్తుకుంటే అంటుకునే జబ్బు కాదని డాక్టర్లు చెప్పారు, ఊర్మిళ చెప్పింది, అతనే ఒకసారి ఆమెకు చెప్పాడు. అయినా చేతులు ముందుకు పోవు.

వెళ్లేముందు రోజూ చేసే సైగ చేశాడు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి, గాలిలో తాళంచెవి తిప్పినట్టు తిప్పి, కనుబొమలు ఎగరేశాడు. నా కాగితాలు పదిలమేనా అని దానర్థం. రోజూ ఊర్మిళ తల ఊపేది. ఇవాళ ఊపలేకపోయింది. వారం రోజుల నుంచి చెప్పాలి చెప్పాలి అనుకుంటూనే ఉంది. అరవకపోతే అతనికి వినపడదు, అరిస్తే గల్లీకంతా వినపడుతుంది.

ఆమె అతని చెవి దగ్గరికి వంగింది. "కాకా, సాయంత్రం ఖాడీ కాలువ దిక్కు పోయి కూసుందాం. నీతో ఒక మాట చెప్పాలె."

"మంచిదేనా?"

ఊర్మిళ సంచీ భుజాన వేసుకుంది. అతను ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. సగం తాగిన గ్లాసు అక్కడే పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

షేర్ ఆటోలో కూర్చున్నా ఆ చూపు ఆమెను వదల్లేదు. ఊర్మిళ పుట్టింది సూరత్‌లోనే, చదివింది మునిసిపాలిటీ తెలుగు బడిలో. తండ్రి, అంబదాస్ సిరిసిల్ల దిక్కునుంచి ఒకే రైలులో వచ్చి ఒకే షెడ్డులో చేరారు. మరమగ్గాన్ని వాళ్లు సాంచె అంటారు. చిన్నప్పుడు సెలవుల్లో పడుగు చుట్టిన పాత బీముకు కొత్త బీమును అతికేటప్పుడు ఊర్మిళ కూడా వెళ్లి పోగుకు పోగు ముడివేసేది. తర్వాత కంప్యూటర్ కోర్సు, ఆ తర్వాత ఈ ఉద్యోగం. నాన్న పోయాడు, అమ్మ మంచాన పడింది, చూసిపోయిన సంబంధాలు చూసినట్టే పోయాయి. అమ్మ కూడా పోయాక ఇల్లు ఖాళీ అయింది, ఇంగువ డబ్బాకు చోటు దొరికింది. ఆమె జీవితంలో చెప్పుకోదగ్గ విశేషం అంటూ ఉంటే ఆ డబ్బాయే.

ఇంకొకటి కూడా ఉంది. అది చెప్పుకోదగ్గది కాదు.

కేంద్రంలో రోజూ రిపోర్టులన్నిటికీ నకలు తీసి భద్రపరిచే పని ఊర్మిళది. కొన్నేళ్ల క్రితం ఒక మెయిల్ వచ్చింది, సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ పేరుతో. నకలు తీసే పని మధ్యలో అడ్డంపడిందని, పాస్‌వర్డ్ ఇస్తే సరిచేస్తామని, ఆలస్యమైతే మొత్తం ఆగిపోతుందని. సాంచె ఆగొద్దు అనే మాట ఉగ్గుపాలతో తాగి పెరిగిన పిల్ల. షిఫ్టు మారేటప్పుడు అవతలివాడు ఎవడు, ఎందుకు అని అడగరు. చేతిలోది చేతికిచ్చి పక్కకు జరుగుతారు, మగ్గం మాత్రం నడుస్తూనే ఉండాలి. ఊర్మిళ కూడా అలాగే చేతిలోది ఇచ్చేసింది. అంబదాస్ రిపోర్టుతో సహా పెట్టె పెట్టెంతా ఎవరో నకలు తీసుకుపోయారు.

మరునాడు ఏడ్చుకుంటూ చెబితే అప్పటి మేనేజరు నవ్వేశాడు. నువ్విచ్చింది బయటి తలుపు పాస్‌వర్డే, లోపల రిపోర్టులన్నిటికీ వేరే తాళం ఉంది, ఆ తాళంచెవి మన దగ్గరే ఉంది, వాడు ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని తిరగాల్సిందే అన్నాడు. ఊర్మిళ మార్కండేయ గుడిలో కొబ్బరికాయ కొట్టి ఊపిరి పీల్చుకుంది. అంబదాస్‌కు ఆ ముక్క చెప్పలేదు. తాళం ఉందిగదా, చెప్పి గుండె పగలగొట్టడం దేనికి అనుకుంది.

గత వారం కేయూర్ వచ్చి ఆ ఊపిరిని మళ్లీ బిగబట్టించాడు. కొత్తగా చేరిన కుర్రాడు, మంచివాడు, ఊర్మిళాబేన్ అని మర్యాదగా పిలుస్తాడు. అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: క్వాంటమ్ కంప్యూటర్ అని కొత్త రకం యంత్రం తయారవుతోంది. ఇంకా ప్రయోగశాలల్లోనే ఉంది. అది పెద్దదైన రోజున, ఇవాళ మనం వాడే తాళాల్లో చాలా రకాలను తీసేయగలదు. ఎప్పుడు అన్నది ఎవరూ చెప్పలేరు. అందుకే దొంగలు తెరవలేని పెట్టెలను కూడా ఇప్పుడే ఎత్తుకుపోయి దాచుకుంటున్నారు, ఆ యంత్రం వచ్చాక తెరుచుకోవచ్చని. కాబట్టి అది రాకముందే తాళాలు మార్చాలి. పాత తాళం ఉండగానే కొత్తది జోడించాలి. ముందుగా మన దగ్గర ఏమేమి ఉన్నాయో, ఏది ఎన్నేళ్లు గుట్టుగా ఉండాలో రాసుకోవాలి.

అందరూ తలలూపారు. ఒకరు ఆవలించారు. ఊర్మిళ మాత్రం తన చేతి మీదుగా పోయిన పెట్టెను తలుచుకుంది.

ఇవాళ్టి పని ఆ రాసుకోవడమే. షుగరు పరీక్షలు, థైరాయిడ్, రక్తహీనత, ఒక్కో రకానికి ఎదురుగా ఎన్నేళ్లు అన్న గడి. కేయూర్ ముందే ఒక అంకె నింపి పెట్టాడు, సరిపోకపోతే మార్చమన్నాడు. మధ్యాహ్నానికి ఊర్మిళ హెచ్ఐవి దగ్గరికి వచ్చింది. అక్కడ పదేళ్లని ఉంది. పదేళ్లకు సంతోషి కొడుకు బడికి పోతుంటాడు. పేరు చెబితే ఎవరి మనవడో తెలిసే వయసు. ఆమె ఆ అంకె కొట్టేసి, "మనిషి ఉన్నన్నాళ్లు" అని రాసింది. కాసేపు చూసి అది కూడా కొట్టేసింది. మనిషి పోయినంత మాత్రాన ఇల్లు పోతుందా?

గడి ఖాళీగా ఉండటం చూసి కేయూర్ వచ్చి, అక్కడ ఏదో ఒక అంకె ఉండాలి బేన్ అన్నాడు. ఊర్మిళ అతని వైపు తిరగకుండానే అడిగింది, కొత్త తాళం ఇక్కడున్న వాటికే గదా, ఇదివరకే పోయినవాటి సంగతేంటని.

"వో తో గయా, బేన్," అన్నాడు కేయూర్ మెల్లగా. అవి పోయినట్టే, వాటి మీద పాత తాళమే ఉంటుంది, మనం ఏమీ చేయలేం.

మార్కెట్‌కు వెళ్లిపోయిన బట్టలో తెగిన పోగును అతకలేమని సాంచెల ఇంట పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఇంకొకరి నోట వినేదాకా ఆమెకు ఆశ చావలేదు. అప్పుడు చెప్పేసింది, అవి నా చేతి మీదుగానే పోయాయని. అతను తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. కేయూర్ తెలుసన్నాడు, పాత కాగితాల్లో చదివాడట, ఆ విషయం ఎప్పుడో మూసేశారట. తిట్టేవాళ్లు లేని తప్పు ఎక్కడికీ పోదు, చేసినవాళ్ల ఇంట్లోనే మకాం వేస్తుంది. అందులో పేర్లున్న వాళ్లకు చెప్పొద్దా అని ఆమె అడిగింది. అతను కుర్చీ లాక్కుని, చెప్పాలి, పైవాళ్లకు ఇవాళే రాస్తాను అన్నాడు. ఊర్మిళ పక్కనే నిలబడి, అతను రాసి పంపేదాకా కదల్లేదు. ఒక్క మనిషికి మాత్రం ఆ ఉత్తరం కంటే ముందు తనే చెప్పాలి. ఖాడీ ఒడ్డున, గొంతెత్తి, మొత్తం.

సాయంత్రం బమ్రోలిలో ఆటో దిగేసరికి గల్లీ మొదట్లో పరమేశ్ నిలబడి ఉన్నాడు. అంబదాస్ పక్క మగ్గాల మీద పనిచేసేవాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అంబదాస్ కాక పోయిండక్కా," అన్నాడు. "పగటి చాయ తాగి గోడకు ఒరిగి కూసున్నడు. కునుకు తీస్తున్నడనుకున్నం. సాంచెలు నడుస్తనే ఉన్నయి. పోగు తెగి ఒకటి ఆగితే లేవలేదు, అప్పుడు సూసినం."

గుండె ఆగిందన్నారట డాక్టర్లు. పరమేశ్ ముక్కు తుడుచుకున్నాడు. "పొద్దటిసంది జర గమ్మునే ఉండె. ఏందే కాకా అంటే, సాయంత్రం ఊర్మిళ ఏందో చెప్తనన్నది అన్నడు."

ఊర్మిళకు ఏడుపు రాలేదు. ఏడుపు కంటే ముందు, ఎవరూ పిలవకుండానే, ఇక చెప్పక్కర్లేదు అన్న మాట మనసులోకి వచ్చి వెళ్లింది. ఒక్క క్షణం, నెత్తిమీద బరువు దించినంత తేలిక. ఆ వెంటనే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. పొద్దున తల ఒకసారి ఊపి ఉంటే ఏం పోయేది? అబద్ధమే కానీ, ఆ మనిషి గ్లాసెడు నీళ్లయినా పూర్తిగా తాగి వెళ్లేవాడు.

ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. గదిలో అంబదాస్‌ను పడుకోబెట్టారు. ఎవరో తడిగుడ్డతో మొహం తుడిచారు కానీ కనుబొమల్లో పీచు పోలేదు. సంతోషి పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది, వాడు తాత కాలి బొటనవేలు పట్టుకుని ఉన్నాడు. ఎవరూ వారించలేదు. ఊర్మిళ చూడలేకపోయింది.

నర్సవ్వ ఆమెను చూసి చేతితో పక్కనే కూర్చోమంది. అంబదాస్ భార్య, గట్టి మనిషి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. చుట్టూ ఆడవాళ్ల ఏడుపులో, ఊర్మిళ చెయ్యి పట్టుకుని, కొంగు చాటున రెండో చెయ్యి ఎత్తింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి తాళంచెవి తిప్పినట్టు తిప్పి, కళ్లలోకి చూసింది.

ఊర్మిళ చటుక్కున చుట్టూ చూసింది.

"నాకు ఎరుకే," అంది నర్సవ్వ, ఆమెకు మాత్రమే వినపడేలా. "మా ఇంట్ల ఇంగువ ఎయ్యం. రోజు పొద్దున ఆయన చేతులకు ఇంగువ వాసనేందని ఎన్క వచ్చి కిటికీలకెళ్ళి సూసిన. గోలీ సూసిన, ఈ సైగ గూడ సూసిన. సర్కారు దవాఖాన్ల నేను గూడ సూపిచ్చుకున్న, నాకేం లేదన్నరు. ఆయన దాస్తుండని నేను గూడ దాసిన. ఇగ ఆయన పోయిండు, పేరున్నది. సంతోషి అత్తగారోళ్లకు తెల్వొద్దు. పదిలమే గదా?"

ఇన్నేళ్ల అలవాటు ఊర్మిళ తలను కిందికి వంచబోయింది. ఆమె దాన్ని ఆపుకుని, అడ్డంగా ఊపింది.

"లేదు చిన్నమ్మా. ఎవ్వలో ఎత్తుకపోయిన్రు. నా చేతులకెళ్ళే పోయింది. ఇప్పుడైతే తాళం ఉన్నది. ఎన్నడో ఒకనాడు తెరుస్తరు."

నర్సవ్వ తల తిప్పింది. తాత వేలు వదలని పిల్లవాడి వైపు చూసింది.

"వాడు పెద్దగయ్యేదాకన్న ఆగుతదా?"

మధ్యాహ్నం ఖాళీగా వదిలేసిన గడి అదే. ఊర్మిళ దగ్గర ఇప్పుడు కూడా అంకె లేదు. తెలియదని చెప్పింది. నర్సవ్వ ఆమె చెయ్యి వదిలేసి, కొంగు సరిచేసుకుని, మళ్లీ ఏడుస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగింది.

చీకటి పడకముందే తీసుకుపోయారు. ఊర్మిళ వీధి మలుపు దాకా వెంట నడిచి, ఇంటికి వచ్చి తలుపు తీసింది. గదిలో ఇంగువ వాసన. వంటగట్టు మీద సగం నీళ్ల గ్లాసు. దాని పక్కనే, గూట్లో పెట్టడం మరిచిపోయి, మూత కూడా సరిగా బిగించకుండా అతను వదిలి వెళ్లిన పసుపుపచ్చ డబ్బా.